మసక వెలుతురు – కెమెరా రొద

ఇంద్రియాలన్నిటిలో నయనం ప్రధానమని పెద్దల మాట. చూచినదానిని చూచినట్లుగా నిలిపి ఉంచుకోవాలనే కోరిక మానవునికి అనాదిగా ఉన్నది. గుహల గోడలపై గీసిన జంతువుల బొమ్మలు మొదలుకొని నేడు మన జేబులోని ఫోను వరకు అన్నీ ఆ కోరిక ధరించిన రూపాలే. ‘కెమెరా’ అనే మాటకు లాటిన్ భాషలో గది అని అర్థం. ఉర్దూలో గదిని ‘కమరా’ అంటారు కదా! ఆ మాట కూడా పోర్చుగీసువారి ద్వారా అదే మూలం నుండి మన దేశానికి వచ్చినది. కెమెరా అంటే ఒక చీకటి గది. దానికి ఒక చిన్న ద్వారం. ఆ ద్వారం గుండా ప్రవేశించిన వెలుతురు ఎదుటి గోడమీద బొమ్మగా నిలుస్తుంది. సుమారు వేయి సంవత్సరాల క్రితం బస్రాలో పుట్టి కైరోలో నివసించిన ఇబ్న్ అల్ హైసమ్ అనే శాస్త్రజ్ఞుడు, సూర్యగ్రహణ సమయంలో సన్నని రంధ్రం గుండా పడే బింబం నెలవంక ఆకారంలో ఉంటుందని, రంధ్రం పెద్దదైతే ఆ ఆకారం చెదిరిపోతుందని పరిశీలించి వివరించాడు. ద్వారం ఎంత పెద్దది, లోనికి వచ్చిన వెలుతురు ఎంత అన్న ప్రశ్న ఆనాటి నుండి కెమెరాను వదలలేదు. ఈ వ్యాసంలోని విషయం కూడా చివరకు అదే.

ఈ వ్యాసం వ్రాయడానికి ఒక కారణం ఉన్నది. రెండేళ్ళ క్రితం మన గ్రంథాలయంలోని ఒక బీరువా అడుగున, కాతిబు స్వహస్తంతో వ్రాసిన ఉర్దూ పుటల కట్ట ఒకటి నాకు దొరికింది. పూర్వం ఇటువంటి సంచికలలో తెలుగు విభాగాన్ని అచ్చు అక్షరాలతో కూర్చేవారు. ఉర్దూ విభాగాన్ని మాత్రం కాతిబు కలంతో వ్రాయగా ఆ వ్రాతనే ముద్రించేవారు. ఒకనాటి సాయంకాలం, ట్యూబులైటు వెలుతురులో, నిలబడి, నా ఫోనుతో ఆ పుటలన్నిటికీ ఫోటోలు తీశాను. ఫోను తెరపై అన్నీ బాగానే కనిపించాయి. ఆ వానాకాలంలోనే పైకప్పు కారి ఆ కట్ట తడిసి ముద్దయిపోయింది. ఇప్పుడు మిగిలినవి ఆ ఫోటోలు మాత్రమే. వాటిని కంప్యూటరుపై పెద్దవిగా చేసి చూస్తే పుటంతా ఇసుక చల్లినట్లు ఉన్నది. కొన్నిచోట్ల అక్షరాల చుక్కలు మాయమైనవి; కొన్నిచోట్ల లేని చుక్కలు ఉన్నట్లు కనబడుతున్నవి.

ఉర్దూ లిపి తెలిసినవారికి ఇది ఎంతటి నష్టమో వేరుగా చెప్పనక్కరలేదు. ‘ఐన్’ అక్షరంపై ఒక్క చుక్క పెడితే అది ‘గైన్’ అవుతుంది. ‘దుఆ’ అన్న మాట ‘దగా’ అవుతుంది. ప్రార్థన కాస్తా మోసమవుతుంది. తెలుగులోనైనా ‘దార’కు, ‘ధార’కు మధ్య ఉన్నది ఒక చిన్న గీత మాత్రమే. ఆ ఫోటోలను చూచిన విద్యార్థులు, “మంచి కెమెరా ఉంటే ఇట్లా జరిగేది కాదు కదా సార్!” అన్నారు. కళాశాల కార్యవర్గం కూడా ఒక కెమెరా కొనే విషయం ఆలోచిస్తున్నది. అయితే మంచి కెమెరా అంటే ఏది? ఒకే మసక వెలుతురులో ఒక కెమెరా శుభ్రమైన చిత్రాన్ని, మరొకటి ఇసుక చల్లిన చిత్రాన్ని ఎందుకు ఇస్తాయి? భౌతికశాస్త్రం చెప్పే సమాధానాన్ని విద్యార్థులకు, కార్యవర్గ సభ్యులకు తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రొద అంటే ఏమిటి?

చిత్రంలోని ఈ ఇసుకను ఆంగ్లంలో ‘నాయిస్’ అంటారు, అనగా రొద. కంటికి కనిపించే దోషానికి చెవికి వినిపించే పేరు ఎందుకు వచ్చిందని సందేహం కలగవచ్చు. దూరపు స్టేషనును పెట్టినప్పుడు రేడియోలో గరగరమని ఒక ధ్వని వస్తుంది. పాటతో దానికి సంబంధం లేదు. పాట బలహీనమైనకొద్దీ అది పైకి వినిపిస్తుంది. చిత్రంలోని ఇసుక కూడా అటువంటిదే. ఎదుటి వస్తువులో లేకుండా, చిత్రంలో మాత్రమే, ఒక పద్ధతి లేకుండా కనిపించే హెచ్చుతగ్గులకు రొద అని పేరు.

ఇక్కడ ఒక విషయం మొదటే గ్రహించాలి. కంటికి బాధ కలిగించేది రొద మాత్రమే కాదు. పాటతో పోల్చినప్పుడు రొద ఎంత అన్న నిష్పత్తి. పెళ్ళి ఊరేగింపులో పక్కవాని గుసగుస వినిపించదు. నిశ్శబ్దమైన పఠనాలయంలో అదే గుసగుస అందరి తలలనూ తిప్పుతుంది. కనుకనే ఎండలో తీసిన చిత్రాలలో రొద ఉన్నా కనబడదు. మసకలో తీసిన చిత్రాలలో అదే పైకి వస్తుంది.

కాంతిలోనే ఉన్న రొద

రొద అంతా కెమెరా లోపమేనని చాలామంది భావిస్తారు. ఇది నిజం కాదు. రొదలో పెద్ద భాగం కాంతిలోనే ఉన్నది.

షాబాదు బండలు పరచిన ఆవరణలో వాన మొదలయ్యే క్షణాన్ని గుర్తుచేసుకోండి. మొదటి చినుకులు పడినప్పుడు ఒక బండపై మూడు చుక్కలు, పక్క బండపై ఏడు, దాని పక్కన ఒకటి మాత్రమే ఉంటాయి. మేఘం ఏ బండపైనా పక్షపాతం చూపలేదు. అయినా బండలు సమానంగా తడవలేదు. పది నిమిషాల తరువాత చూస్తే బండలన్నీ ఒకే తీరుగా తడిసి ఉంటాయి. లెక్క పెరిగినకొద్దీ హెచ్చుతగ్గు అడుగున పడిపోతుంది.

కాంతి కూడా వానవంటిదే. అది ఎడతెగని ధార కాదని, విడివిడి కణాల రూపంలో వచ్చిపడుతుందని 1905లో ఐన్‌స్టీన్ ప్రతిపాదించాడు. ఆ కణాలకు ఫోటాన్లని పేరు. ఫోటాన్లు చినుకులు, కెమెరాలోని సెన్సారు ఆవరణ, దానిలోని పిక్సెళ్ళు బండలు. ఒక పిక్సెలుపై సగటున ఎన్ని ఫోటాన్లు పడతాయో, ఆ సంఖ్యకు వర్గమూలమెంతో, హెచ్చుతగ్గు సుమారుగా అంత ఉంటుందని గణితశాస్త్రం చెబుతుంది. సగటున 100 ఫోటాన్లు పడేచోట హెచ్చుతగ్గు 10. అనగా నూటికి పది పాళ్ళు. 10,000 ఫోటాన్లు పడేచోట హెచ్చుతగ్గు 100. అనగా నూటికి ఒక్క పాలు. రొద పరిమాణం పెరిగింది. కాని పాటతో పోల్చితే పదవ వంతుకు తగ్గింది.

ఇటువంటి రొదను వాల్టర్ షాట్కీ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1918లోనే, రేడియో గొట్టాలలో ప్రవహించే ఎలక్ట్రాన్ల విషయంలో వివరించాడు. విద్యుత్తుకు వర్తించిన నియమమే వెలుతురుకూ వర్తిస్తుంది. ఈ రొదను ఏ కంపెనీ కూడా తన కెమెరా నుండి తీసివేయలేదు; అది ప్రకృతి నియమం. మనం చేయగలిగినది ఒక్కటే: ఎక్కువ ఫోటాన్లను సేకరించడం. కాబట్టి రొదను బాగా అదుపులో పెట్టే కెమెరా మూడు పనులు చేయాలి. ఎక్కువ కాంతిని సేకరించాలి. సేకరించినదానిని వృథా చేయకూడదు. తన సొంత రొదను తక్కువగా కలపాలి. కెమెరాల మధ్య కనిపించే తేడాలలో ముఖ్యమైనవన్నీ ఈ మూడు పనులలోనే ఉన్నవి.

మొదటి పని: కాంతి సేకరణ

కాంతి సేకరణకు మూడు మార్గాలు ఉన్నవి: లెన్సు ద్వారం, సెన్సారు వైశాల్యం, షట్టరు తెరచి ఉంచే కాలం.

లెన్సు ద్వారాన్ని ‘ఎఫ్’ సంఖ్యతో సూచిస్తారు. ఈ సంఖ్య తగ్గినకొద్దీ ద్వారం పెద్దదవుతుంది. ఎఫ్ 3.5 లెన్సుకు బదులు ఎఫ్ 1.8 లెన్సు పెడితే దాదాపు నాలుగు రెట్ల కాంతి లోనికి వస్తుంది. నాలుగు రెట్ల కాంతి వస్తే, నాలుగుకు వర్గమూలం రెండు కనుక, రొద పాలు సగానికి తగ్గుతుంది.

రెండవది సెన్సారు వైశాల్యం. సామాన్యమైన చిన్న కెమెరాలలోని సెన్సారు సుమారు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. వైశాల్యం సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు, అంటే చిటికెన వ్రేలి గోరులో ఒక ముక్క. వృత్తి ఛాయాగ్రాహకులు వాడే ‘ఫుల్ ఫ్రేమ్’ సెన్సారు పాత ఫిల్ము చట్రమంత, అనగా 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు. ఎఫ్ సంఖ్య, షట్టరు కాలం ఒకటే అయినప్పుడు రెండవది మొదటిదానికంటె సుమారు 30 రెట్ల కాంతిని సేకరిస్తుంది. 30కి వర్గమూలం దాదాపు 5.5. పెద్ద ఆవరణ గల ఇంటిలో ఎక్కువ వాన నీరు పట్టుకోగలగడం వంటిదే ఇది. ఇందులో మాయ ఏమీ లేదు. పెద్ద సెన్సారు గల కెమెరా బరువుగాను, ఖరీదుగాను ఉండటానికి ఇదే ముఖ్యకారణం: పెద్ద సిలికాన్ పలక కావాలి, దానికి తగిన పెద్ద లెన్సు కావాలి.

మూడవది కాలం. షట్టరును రెట్టింపు కాలం తెరచి ఉంచితే రెట్టింపు కాంతి వస్తుంది. అయితే చేయి వణికినా, ఎదుటి మనిషి కదలినా బొమ్మ చెదురుతుంది. ముషాయిరాలో చేయెత్తి చదివే కవిని ఒక సెకను కదలకుండా నిలువుమని అడగలేము. పుస్తకంలోని పుటను మాత్రం అడగనక్కరలేదు, అది కదలదు. ఈ చిన్న భేదాన్ని పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలని కోరుతున్నాను. చివర దీనితో పని ఉన్నది.

రెండవ పని: వృథా కాకుండా పట్టుకోవడం

సెన్సారుపై పడిన ప్రతి ఫోటానూ లెక్కకు రాదు. ఫోటాను సిలికాన్‌లో ఇంకి ఒక ఎలక్ట్రాన్‌ను విడుదల చేసినప్పుడే అది లెక్కలోనికి వస్తుంది. తొలి తరాల సెన్సారులలో సగానికి మించిన ఫోటాన్లు వృథా అయ్యేవి. ఇందుకు ఒక కారణం, పిక్సెళ్ళ ముందు భాగంలో అడ్డంగా ఉండే సన్నని లోహపు తీగలు. వాన నీటి కుండల మీద వాసాలు పరచినట్లు అవి కాంతికి అడ్డుపడేవి.

ఈ లోపాన్ని ఇంజనీర్లు రెండు విధాలుగా సవరించారు. మొదట ప్రతి పిక్సెలుపైన అతి సూక్ష్మమైన లెన్సును అమర్చి, తీగలపై పడే కాంతిని కూడా లోపలికి మళ్ళించారు. కుండపై గరాటు పెట్టడం వంటిది ఇది. తరువాత సెన్సారునే తిరగవేసి, తీగలు లేని వెనుక వైపు నుండి కాంతి ప్రవేశించేటట్లు చేశారు. దీనికోసం సిలికాన్ పలకను మిల్లీమీటరులో కొన్ని వేలవ వంతుల మందానికి అరగదీయాలి. ఖగోళ పరిశోధనలలో ముందే వాడుకలో ఉన్న ఈ పద్ధతిని సోనీ సంస్థ 2009 నాటికి చిన్న కెమెరాలకు తెచ్చింది; 2015లో ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు తెచ్చింది. చిన్న పిక్సెళ్ళలో తీగలు ఆక్రమించే పాలు ఎక్కువ కనుక, ఈ మార్పు వలన అధికంగా మేలు పొందినవి ఫోను కెమెరాలే.

రంగుల కోసం కూడా కొంత కాంతిని వదులుకోవలసి ఉన్నది. సిలికాన్‌కు రంగుల భేదం తెలియదు. అందుచేత కోడక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్, పిక్సెళ్ళపై ఎరుపు, ఆకుపచ్చ, నీలం గాజుల వంటి పొరలను గడులుగా అమర్చే పద్ధతిని కనిపెట్టి 1976లో పేటెంటు పొందాడు. పిక్సెళ్ళలో సగం ఆకుపచ్చకు, పావు ఎరుపుకు, పావు నీలానికి కేటాయించారు. ప్రతి పొరా తన రంగును మాత్రమే వదిలి తక్కిన రంగులను మింగివేస్తుంది. దాదాపు మూడింట రెండు వంతుల కాంతి ఇక్కడే పోతుంది. పసుపుపచ్చని దీపాల క్రింద నీలి కాంతి మరీ తక్కువగా ఉంటుంది. దానిని బలవంతంగా హెచ్చించవలసి వస్తుంది. రాత్రి సభల ఫోటోలలో, నీడలలో రంగురంగుల మచ్చలు కనిపించడానికి ఇది ఒక హేతువు.

ఇంకొక మాట. నేటి మంచి సెన్సారులు తమవరకు చేరిన ఫోటాన్లలో సగానికి మించి పట్టుకొంటున్నవి. ఇక నూటికి నూరు పట్టుకొన్నా కాంతి రెట్టింపునకు మించదు. రొద పాలులో లాభం 1.4 రెట్లకు మించదు. కాబట్టి నిన్నటి కెమెరాకు, నేటి కెమెరాకు ఈ విషయంలో గొప్ప తేడా ఉన్నదని ప్రకటనలు చెప్పినప్పుడు కొంచెం ఆలోచించి నమ్మాలి.

మూడవ పని: సొంత రొదను తగ్గించడం

పిక్సెలులో చేరిన ఎలక్ట్రాన్లను లెక్కించి సంఖ్యగా మార్చాలి. ఈ లెక్కింపులో కెమెరా తన రొదను కొంత కలుపుతుంది. దీని ప్రభావాన్ని ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. చిత్రంలోని నీడ భాగంలో ఒక పిక్సెలుకు 25 ఎలక్ట్రాన్లు చేరినవనుకొందాం. కాంతి రొద 5. లెక్కింపు రొద 10 ఎలక్ట్రాన్లు గల పాత కెమెరాలో మొత్తం రొద 15 కాదు. వర్గాలను కూడి వర్గమూలం తీయాలి: 25కు 100 కలిపితే 125, దాని వర్గమూలం సుమారు 11.2. లెక్కింపు రొద 2 మాత్రమే గల కొత్త కెమెరాలో 25కు 4 కలిపితే 29, దాని వర్గమూలం సుమారు 5.4. అనగా రొద సగానికంటె తక్కువ. ఇదే రెండు కెమెరాలతో ఎండలో 10,000 ఎలక్ట్రాన్లు చేరిన పిక్సెలును చూస్తే, మొదటిదానిలో రొద 100.5, రెండవదానిలో 100.02. ఆ తేడాను ఏ కన్నూ పట్టలేదు. పగటి వెలుతురులో అన్ని కెమెరాలూ మంచివిగా కనిపించి, చీకటి పడగానే కొన్నిటి గుట్టు బయటపడడానికి కారణం ఈ లెక్కలోనే ఉన్నది.

లెక్కింపు రొదను తగ్గించిన ఉపాయాలలో రెండింటిని చెబుతాను. నెయ్యి అమ్మే వర్తకుడు మొదట ఖాళీ గిన్నెను తూచి, తరువాత నెయ్యితో తూచి, తేడా తీసి లెక్క కడతాడు. పిక్సెలును ఖాళీ చేసిన ప్రతిసారీ అడుగున కొంత విద్యుదావేశం, ఇంత అని నిశ్చయంగా చెప్పలేనిది, మిగిలిపోతుంది. కనుక కెమెరా కూడా ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, ఎలక్ట్రాన్లు చేరిన తరువాత ఒకసారి కొలిచి తేడాను మాత్రమే తీసుకొంటుంది. 1970ల తొలినాళ్ళలో వెలువడిన ఈ పద్ధతి నేటికీ సెన్సారులకు ప్రాణం.

రెండవది దూరాన్ని తగ్గించడం. నోటి మాటగా పంపిన కబురు చేతులు మారినకొద్దీ వక్రిస్తుంది; కాగితంపై వ్రాసి పంపితే మారదు. పాత సెన్సారులలో బలహీనమైన విద్యుత్ సంకేతం సెన్సారు దాటి బయటకు ప్రయాణం చేసి, ఒకటి రెండు యంత్రభాగాల వద్ద సంఖ్యగా మారేది. ఆ దారిలో రొద చేరేది. 2007లో సోనీ సంస్థ ప్రవేశపెట్టిన ఎక్స్‌మోర్ రకపు సెన్సారులలో పిక్సెళ్ళ ప్రతి నిలువు వరుసకు ఒక లెక్కింపు భాగాన్ని సెన్సారుమీదనే అమర్చారు. వేలాది లెక్కగాళ్ళు పక్కపక్కనే కూర్చొని నెమ్మదిగా, జాగ్రత్తగా లెక్కించడం వంటిది ఇది.

వేడిమి కూడా రొదను పుట్టిస్తుంది. కాంతి లేకపోయినా సిలికాన్‌లోని వేడికి కొన్ని ఎలక్ట్రాన్లు వాటంతట అవే వెలువడతాయి. ఉష్ణోగ్రత సుమారు 6 నుండి 8 డిగ్రీలు పెరిగినప్పుడెల్లా ఇవి రెట్టింపవుతాయి. అందుకే నక్షత్రాలను గంటల తరబడి చిత్రించే ఖగోళ కెమెరాలను బాగా చల్లబరచి ఉంచుతారు. అయితే సెకనులో ముప్పదవ వంతు కాలంలో తీసే మన చిత్రాలకు ఈ రొద లెక్కలోనికి రాదు. మండు వేసవిలో నిమిషాల తరబడి షట్టరు తెరచి ఉంచేవారికి మాత్రమే దీనితో చిక్కు.

రెండు అపోహలు

మొదటి అపోహ: ఐ.ఎస్.ఓ. సంఖ్యను పెంచడం వలన రొద పుడుతుంది. ఫిల్ము కాలంలో ఈ మాటకు ఆధారం ఉండేది. ఎక్కువ వేగం గల ఫిల్ములో వెండి లవణపు రేణువులు పెద్దవిగా ఉండేవి; అవే చిత్రంలో గరుకుగా కనిపించేవి. డిజిటల్ కెమెరాలో ఐ.ఎస్.ఓ. పెంచడం రేడియో గొంతు పెంచడం వంటిది. పాటా పెరుగుతుంది, గరగరా పెరుగుతుంది. గరగర మాత్రం ముందునుండీ ఉన్నదే. రొదకు కారణం కాంతి తక్కువ కావడం, ఐ.ఎస్.ఓ. పెంచడం దాని పర్యవసానం మాత్రమే. నిజానికి అనేక కెమెరాలలో, కాంతి తక్కువైనప్పుడు ఐ.ఎస్.ఓ. తగ్గించి తీసి తరువాత కంప్యూటరుపై వెలుగు పెంచితే రొద మరింత ఎక్కువ కనబడుతుంది.

రెండవ అపోహ: మెగాపిక్సెళ్ళు ఎన్ని ఎక్కువైతే కెమెరా అంత మంచిది. దీనికి విరుద్ధంగా, పిక్సెళ్ళు ఎక్కువైతే రొద పెరిగి చిత్రం చెడుతుందని వాదించేవారూ ఉన్నారు. రెండూ సగం నిజాలే. ఆవరణ ఒకటే అయినప్పుడు పది పెద్ద గంగాళాలు పెట్టినా, నలభై చిన్న గిన్నెలు పెట్టినా పడే వాన ఒకటే. ఒక్కొక్క గిన్నెలో హెచ్చుతగ్గు ఎక్కువ కనిపిస్తుంది గాని, నాలుగు గిన్నెలను కలిపి కొలిస్తే గంగాళంతో సమానమవుతుంది.

చరిత్రలో ఉదాహరణలు ఉన్నవి. 1975లో కోడక్ సంస్థలో స్టీవెన్ సాసన్ నిర్మించిన తొలి డిజిటల్ కెమెరాలో పిక్సెళ్ళు 10,000 మాత్రమే. ఒక్క చిత్రాన్ని క్యాసెట్టు టేపుపై నమోదు చేయడానికి 23 సెకన్లు పట్టేది. 2007లో వచ్చిన నికాన్ డి 3 కెమెరాకు ఫుల్ ఫ్రేమ్ సెన్సారుపై 1 కోటి 21 లక్షల పిక్సెళ్ళు ఉండేవి. ఐ.ఎస్.ఓ. 25,600 వరకు పనిచేసి, మసక వెలుతురులో అది ఆనాటి ఛాయాగ్రాహకులను ఆశ్చర్యపరచింది. పిక్సెళ్ళు తక్కువగా, పెద్దవిగా ఉండటమే దాని రహస్యమని అనేకులు భావించారు. కాని 2015లో వచ్చిన సోనీ ఏ 7 ఆర్ 2 కెమెరాలో అదే వైశాల్యంపై 4 కోట్ల 24 లక్షల పిక్సెళ్ళు ఉన్నా, చిత్రాలను ఒకే పరిమాణంలో చూచినప్పుడు మసకలో అది డి 3 కంటె వెనుకబడలేదు. వైశాల్యం మారలేదు; వృథా తగ్గింది, లెక్కింపు రొద తగ్గింది. కాబట్టి కెమెరా పెట్టెపై పెద్ద అక్షరాలతో ముద్రించిన మెగాపిక్సెళ్ళ సంఖ్య రొద విషయంలో మనకు ఏమీ చెప్పదు. చెప్పగల సెన్సారు వైశాల్యం మాత్రం చిన్న అక్షరాలలో ఉంటుంది.

తుడిచివేతలోని ప్రమాదం

ఇంతవరకు చెప్పినదంతా రొద పుట్టకుండా చేసే ఉపాయం. పుట్టిన రొదను తుడిచివేసే ఉపాయాలు కూడా ఉన్నవి. వాటిలో నిజాయితీ గలది అనేక చిత్రాల సగటు. కదలని వస్తువును 16 సార్లు తీసి సగటు కడితే రొద పాలు నాలుగవ వంతుకు తగ్గుతుంది. ఎందుకంటే వాస్తవంగా 16 రెట్ల కాంతిని సేకరించాము. నేటి ఫోనులు రాత్రి చిత్రాలకు లోలోపల చేసే పని ఇదే.

రెండవది పక్కపక్కల పిక్సెళ్ళను కలిపి నునుపు చేయడం. ఇందులో కెమెరా ఒక ఊహ చేయాలి: ఈ చిన్న మచ్చ రొదయా, లేక నిజమైన వస్తువా? ముఖంపై నునుపు చేస్తే చర్మం మైనపు బొమ్మలా మారుతుంది. జరీ అంచు పసుపు పట్టీ అవుతుంది. కాతిబు పెట్టిన చుక్క రొద మచ్చగా భావింపబడి మాయమవుతుంది. వేలాది చిత్రాలను చూచి నేర్చుకొన్న నేటి కృత్రిమ మేధ ఈ ఊహను మరింత నైపుణ్యంతో చేస్తుంది. కొన్నిచోట్ల పోయిన చుక్కను తానే తిరిగి పెడుతుంది. చూడడానికి చిత్రం అందంగా ఉంటుంది. కాని అక్కడ ఉన్నది కాతిబు చుక్కయా, యంత్రం చుక్కయా అన్నది చూచేవారికి తెలియదు. విహారయాత్ర ఫోటోకు ఇది గుణం. గ్రంథాలయ ప్రతికి ఇది దోషం. రొదతో కూడిన చిత్రం ‘ఇక్కడ నాకు సరిగా కనబడలేదు’ అని ఒప్పుకొంటుంది. నునుపు చేసిన చిత్రం ఆ మాట కూడా దాచివేస్తుంది. నా ఫోటోలలో మాయమైన చుక్కలను ఫోను తుడిచిందో, కాంతి లేమి మింగిందో ఇప్పుడు విడదీసి చెప్పగల ఉపాయం నాకు కనబడడం లేదు.

మనకు కావలసినది ఏమిటి?

ఈ సంవత్సరం ఇద్దరు విద్యార్థులతో కలిసి ఒక చిన్న పరీక్ష చేశాను. గ్రంథాలయంలో మిగిలిన మరొక పాత ఉర్దూ సంచికలోని ఒక పుటను అదే ఫోనుతో, అదే ట్యూబులైటు క్రింద, మొదట చేత్తో పట్టుకొని తీశాము. తరువాత ఫోనును స్టాండుకు బిగించి, ఐ.ఎస్.ఓ. తగ్గించి, సెకను కాలం షట్టరు తెరచి ఉంచి తీశాము. మొదటి చిత్రంలో షట్టరు కాలం సెకనులో ముప్పదవ వంతు. రెండవదానిలో కాంతి 30 రెట్లు. పెద్ద సెన్సారు ఇచ్చే 30 రెట్ల లాభమే ఇది! మొదటి చిత్రంలో పుటంతా ఇసుక. రెండవ చిత్రంలో ప్రతి చుక్కా తన స్థానంలో ఉన్నది. మూడవసారి మధ్యాహ్నం కిటికీ పక్కన బల్ల వేసి తీశాము. అది అన్నిటికంటె బాగా వచ్చింది. ఫోను మారలేదు, పుట మారలేదు, వెలుతురు లెక్క మారింది.

కాబట్టి కార్యవర్గానికి నా మనవి ఇది. పాత పుటలను భద్రపరచడానికి ఖరీదైన కెమెరా వచ్చేవరకు ఆగనక్కరలేదు. ఒక స్టాండు, ఒక బల్ల, కిటికీ వెలుతురు, ఓపిక గల ఇద్దరు విద్యార్థులు చాలు. కెమెరాలోని నునుపు చేసే ఏర్పాటును ఆపివేసి, వీలైతే మార్పు చేయని ముడి చిత్రాన్ని కూడా దాచాలి. కవి సమ్మేళనాలు, ముషాయిరాలు, వార్షికోత్సవ నాటకాలు తీయడానికి మాత్రం కదిలే మనుషులను వేచి ఉండుమనలేము గనుక, పెద్ద సెన్సారు, ఎఫ్ 1.8 వంటి విశాలమైన లెన్సు గల కెమెరా అవసరం. దానిని కొనేటప్పుడు మెగాపిక్సెళ్ళు ఎన్ని అని కాక, సెన్సారు వైశాల్యం ఎంత, లెన్సు ద్వారం ఎంత అని అడగాలి. కొన్ని సంవత్సరాల క్రితపు పెద్ద సెన్సారు కెమెరా తక్కువ ధరకు దొరికితే, కొత్త చిన్న సెన్సారు కెమెరాకంటె అదే మేలు కావచ్చు.

విద్యార్థి మిత్రులారా! యంత్రం ఎంత గొప్పదైనా, తనవరకు చేరని వెలుతురును అది చూడలేదు. చూచినట్లు నటించగలదు, అంతే. నా తొందరపాటు వలన కొన్ని పుటలు శాశ్వతంగా మసకబారినవి. ఆ సాయంకాలం ఇంకొక్క రాత్రి ఆగి, మరునాటి ఉదయం కిటికీ తెరచి ఉంటే అవి నేడు స్పష్టంగా మీ చేతిలో ఉండేవి. ఆ బీరువాలో ఇంకా పదకొండు సంచికలు మిగిలి ఉన్నవి. వానాకాలం రావడానికి కొన్ని నెలల వ్యవధి ఉన్నది. కిటికీ పక్కన బల్ల కూడా వేసి ఉన్నది.